స్నేహితులతో కలిసి గ్యారేజీ కట్టుకోవచ్చా?

ప్రశ్న: మా ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది. అందులో 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున గ్యారేజీ, దానిలోనే వర్క్‌షాపు కట్టుకోవాలని చాలా ఏళ్ల కోరిక. రెండు కార్లు పెట్టాలి, పాత కారు ఒకటి విప్పి బాగుచేసుకోవడానికి లిఫ్టు బిగించాలి, చెక్కపనికి ఒక మూల కావాలి. నలుగురు స్నేహితులు సెలవు రోజుల్లో వచ్చి చేస్తామంటున్నారు. ఒకరికి వెల్డింగ్ బాగా వచ్చు. ఇద్దరికి పని రాదు గానీ ఉత్సాహం ఉంది. నాలుగో అతనికి నడుముకు ఆపరేషన్ అయింది, అయినా వస్తానని పట్టుబడుతున్నాడు. మిక్సర్ అద్దెకు తెచ్చి కాంక్రీటు కూడా మనమే వేద్దామని వాళ్ల మాట. నా భార్యకు మాత్రం టెన్షన్‌గా ఉంది. పని సగంలో ఆగిపోతుందని, స్నేహాలు చెడతాయని ఆమె భయం. ఏది మేం చేసుకోవచ్చు, ఏది కూడదు? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: కట్టుకోవచ్చు. నేనూ స్నేహితుల చేతుల మీద షెడ్డు లేపుకున్నవాణ్ణే, అందుకే ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. కానీ మొత్తం పని మీ ఐదుగురే చేయకూడదు. ఏ పని ఎవరిదో తేల్చుకోవడానికి నేను ఒక్క ప్రశ్న వేసుకుంటాను. సాయంత్రం ఆరు గంటలకు పనిని ఉన్నచోటే వదిలేసి అందరూ ఇళ్లకు వెళ్లిపోతే ఏమవుతుంది? మట్టి చదును చేయడం ఆగితే వచ్చే వారం చేస్తారు. గోడ సగంలో ఉంటే అక్కడి నుంచే మళ్లీ మొదలుపెడతారు. రంగులు, అరలు, పనిబల్ల, తలుపుల బిగింపు అన్నీ ఇలాంటివే. అవి మీవి. కాంక్రీటు సగం పోసి వెళ్లలేరు. బోల్టులు సగం బిగించిన ఇనుప ఫ్రేమును రాత్రి గాలికి వదిలేయలేరు. మధ్యలో ఆపలేని పనుల్లో, తప్పు జరిగితే ప్రాణం మీదకు వచ్చే పనుల్లో ముందు నిలబడాల్సింది ఆ పని రోజూ చేసేవాళ్లు. అక్కడ మీరంతా సాయం చేయండి, నడిపించే పని మాత్రం వాళ్లకే వదిలేయండి.

మీ భార్య భయాన్ని పక్కన పెట్టకండి. ఇలాంటి కట్టడాలు ఆగిపోయేది ఎక్కువగా ఒకే చోట, పునాది లేచి కప్పు పడకముందు. వానకు, ఎండకు ఇనుము తుప్పు పడుతుంది, చెక్క ఉబ్బుతుంది, చూసిన ప్రతిసారీ మనసు దిగులుపడుతుంది. అందుకని పునాది, నేల, ఫ్రేము, కప్పు, ఈ నాలుగింటికీ సరిపడా డబ్బు చేతిలోకి వచ్చాకే మొదటి గునపం వేయండి. గోడలు, తలుపులు, లోపలి సామాన్లు తరవాత నిదానంగా రావచ్చు. కప్పు పడ్డ షెడ్డులో గోడల్లేకపోయినా కారు పెట్టుకోవచ్చు, నీడలో పని చేసుకోవచ్చు. ఈ లెక్క కాగితం మీద రాసి ఆమెకు చూపించండి. ఆమె టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

మొదలు ఎక్కడంటే, ఇంజనీరు దగ్గర. 30 అడుగుల వెడల్పును మధ్యలో స్తంభం లేకుండా దాటించే కప్పు అంచనాతో వేసేది కాదు. నేల రకం, గాలి వేగం, కప్పు బరువు చూసి ఆయన పునాది లోతు, ఇనుము మందం నిర్ణయించాలి. ఆ డ్రాయింగుతోనే అనుమతి తీసుకోండి. పక్క సరిహద్దుకు ఎంత వదలాలో, ఇంటికి ఎంత దూరం ఉండాలో అక్కడే తేలుతుంది. తవ్వే ముందు మంచినీళ్ల పైపు, మురుగు పైపు, కరెంటు కేబుల్ ఎటు వెళ్తున్నాయో కనుక్కోండి.

అనుమతి వచ్చేలోపు మీ ఐదుగురూ చేయగలిగిన మంచి పని ఒకటుంది. ఆ స్థలంలో పూర్తి కొలతలతో ముగ్గు పోయండి. మీ కొలతల్లో ఒక చక్కటి సౌలభ్యం ఉంది. 30, 40 అడుగుల భుజాలకు ఐమూల, అంటే ఒక మూల నుంచి దాని ఎదుటి మూలకు కొలత, సరిగ్గా 50 అడుగులు రావాలి. రెండు ఐమూలలూ 50 వస్తే మూలలన్నీ సరైన లంబకోణంలో ఉన్నట్టే, వేరే పరికరం అక్కర్లేదు. ఒకటి 50 అడుగుల 3 అంగుళాలు, రెండోది 49 అడుగుల 9 అంగుళాలు వచ్చిందంటే ముగ్గు పక్కకు వాలింది. ఆ వాలు ఇప్పుడు సరిచేస్తే పది నిమిషాల పని. కప్పు రేకులు పరిచేటప్పుడు బయటపడితే ప్రతి రేకునూ ఏటవాలుగా కోయాల్సి వస్తుంది.

ముగ్గు పోశాక నిజం కార్లను ఆ గీతల్లోకి తెచ్చి నిలబెట్టండి. తలుపులన్నీ తెరవండి, బానెట్ ఎత్తండి, చుట్టూ ఒక మనిషి పనిముట్ల పెట్టెతో తిరగగలుగుతున్నాడా చూడండి. కారు చుట్టూ మూడడుగులు లేకపోతే అది పని చేసుకునే చోటు కాదు, కారు దాచుకునే చోటు. రంపం బల్ల ఉండే చోట ఎనిమిదడుగుల పలకను ఒక చివర నుంచి మరో చివరకు తోసి చూడండి. బల్లకు ముందు ఎనిమిది, వెనక ఎనిమిది అడుగులు ఖాళీ ఉంటే గానీ ఆ పలక కోయలేరు. కాగితం మీద ఇది ఎవరికీ తట్టదు. ఎత్తు సంగతీ ఇక్కడే తేల్చుకోండి. కారు ఎత్తు ఐదడుగులు, లిఫ్టు మీదకు లేచాక కింద మనిషి నిలబడటానికి ఆరడుగులు, మొత్తం పదకొండు. పైన కాస్త వెసులుబాటు కలిపితే దూలం కిందికి పన్నెండడుగుల ఖాళీ అయినా కావాలి. లిఫ్టు తయారీదారు ఇచ్చే పుస్తకంలో ఉన్న కొలత అంతకంటే ఎక్కువైతే దాన్నే పట్టుకోండి.

చెక్కపని మూల, వెల్డింగ్ చోటు పక్కపక్కన పెట్టకండి. రంపపు పొట్టులో పడ్డ నిప్పురవ్వ గంటల తరబడి లోలోపల రాజుకుని, అందరూ ఇంటికి వెళ్లాక మంటవుతుంది. వాటి మధ్య గోడ కట్టండి. వెల్డింగ్ అయ్యాక కనీసం గంట సేపు ఎవరో ఒకరు అక్కడే ఉండాలని నియమం పెట్టుకోండి.

ఇక నేల. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది మిక్సర్ మాట, అందుకే దీని గురించి వివరంగా చెబుతాను. నేల 1200 చదరపు అడుగులు, మందం అర అడుగు అనుకుంటే 600 ఘనపుటడుగులు, అంటే 17 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. దాని బరువు 40 టన్నులు. క్యూబిక్ మీటరుకు 50 కిలోల సిమెంటు బస్తాలు ఎనిమిదేసి చొప్పున లెక్కేసినా 136 బస్తాలు పడతాయి. బస్తాకు ఒకసారి మిక్సర్ తిప్పాలి. ఒక్కో తిప్పుకు ఐదు నిమిషాలు పట్టినా, ఒక్క క్షణం ఆగకుండా పదకొండు గంటలకు పైగా తిప్పాలి. అదే సమయంలో పోసినదాన్ని సర్దేవాళ్లు, మట్టం చేసేవాళ్లు, నునుపు చేసేవాళ్లు వేరే కావాలి. ఐదుగురితో ఇది జరగదు.

నా మొదటి షెడ్డుకు మేం ఆరుగురం ఇదే పని తలపెట్టాం. చీకటి పడేసరికి మూడో వంతు మిగిలింది, చేతులు లేవలేదు. మిగతాది మర్నాడు పోశాం. ముందు రోజుది అప్పటికే గట్టిపడింది కాబట్టి కొత్తది దానితో కలవలేదు. ఆ అతుకు దగ్గర బీట కొట్టింది. ఎన్నిసార్లు పూడ్చినా వానాకాలం వస్తే అక్కడి నుంచే చెమ్మ ఊరుతుంది. ఆ బీట మీద లిఫ్టు కాలు పడేది ఉంటే అది అక్కరకు రాని షెడ్డు అయ్యేది.

కాబట్టి రెడీమిక్స్, అంటే ప్లాంటులోనే కలిపి లారీలో తెచ్చే కాంక్రీటు, తెప్పించండి. లారీకి ఆరు క్యూబిక్ మీటర్ల చొప్పున మూడు లారీలు. నేల వేయడంలో చెయ్యి తిరిగిన మేస్త్రీని, ఆయన మనుషులను పిలవండి. మీ ఐదుగురూ పారలు పట్టుకుని ఆయన చెప్పినట్టు చేయండి. ఎవరైనా "కాస్త నీళ్లు కలిపితే తేలిగ్గా జారుతుంది" అంటే ఒప్పుకోవద్దు. సిమెంటుతో కలిసి గట్టిపడటానికి కావలసిన దానికంటే ఎక్కువ పోసిన నీరు మెల్లగా ఆరిపోయి, అది ఉన్నచోట సన్నటి ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలే నేల బలాన్ని తినేస్తాయి. గంటన్నర దాటి లారీలో తిరిగిన కాంక్రీటును కూడా నమ్మవద్దు. దారి బాగుందో లేదో, లారీ చక్రాలు మీ మురుగు పైపు మీదకు ఎక్కుతాయో లేదో ముందు రోజే చూసుకోండి.

ఆ రోజుకు ముందూ తరవాతా ఉన్న పని మాత్రం పూర్తిగా మీ స్నేహితులదే, నేల బాగోగుల్లో సగానికి పైగా దాని మీదే ఆధారపడి ఉంటుంది. వేర్లు, కుళ్లిన ఆకులు ఉన్న పైమట్టి అంతా తీసేయండి. అది మిగిలితే కాలం గడిచేకొద్దీ అణిగిపోయి పైన కాంక్రీటు వేలాడుతుంది. నింపే మట్టిని, కంకరను ఒకేసారి కుమ్మరించకుండా ఆరంగుళాల పొరలుగా పరిచి, తడిపి, ప్రతి పొరనూ దిమ్మిస కొట్టే యంత్రంతో గట్టి చేయండి. తరవాత కరెంటుకు, నీళ్లకు, కంప్రెసర్ గాలికి పైపులు. పైన మందపాటి పాలిథిన్ షీటు, నేల నుంచి తేమ పైకి రాకుండా. ఇనుప చువ్వల జాలీ నేలకు అంటుకుని ఉండకూడదు, బిళ్లల మీద లేచి కాంక్రీటు మధ్యలో ఉండాలి. పోసేటప్పుడు జాలీని తొక్కి కిందికి అణిచేయడం మామూలుగా జరిగే తప్పు. ఒకరిని దానికే కాపలా పెట్టండి.

కార్లు నిలిచే వైపు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున తలుపు వైపుకు వాలు ఇవ్వండి, కారు మీది వాన నీరు దానంతటదే బయటకు పోతుంది. ఇరవై అడుగుల పొడవుకు రెండున్నర అంగుళాలు వస్తుంది. లిఫ్టు, యంత్రాలు ఉండే భాగం మాత్రం మట్టంగా ఉండాలి. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుని ఎక్కడో ఒకచోట చీలుతుంది. అది ఎక్కడ చీలాలో మనమే చెప్పాలి. ఆరంగుళాల మందానికి పన్నెండు నుంచి పదిహేనడుగుల లోపు ఒక్కో గాడి కోయాలి, చీలిక ఆ గాడిలోనే వస్తుంది. మీ నేలను పదడుగుల చదరాలుగా విడగొడితే అడ్డం మూడు, నిలువు నాలుగు, సరిగ్గా పన్నెండు చదరాలు వస్తాయి. గాడి లోతు మందంలో నాలుగో వంతు, అంటే ఒకటిన్నర అంగుళం. పోసిన మర్నాటి లోపే కోయాలి, ఆలస్యమైతే అది తనకిష్టమైన చోట చీలుతుంది. ఆ గాడి లిఫ్టు స్తంభాల కిందకు రాకుండా ముందే లెక్క చూసుకోండి.

తరవాత వారం రోజులు నీళ్లు. ఎండిపోకుండా తడి గోనెలు కప్పి ఉంచండి. ఉత్సాహం ఉన్న ఆ ఇద్దరు స్నేహితులకు ఇది అప్పగించండి, వంతులు వేసుకుని వస్తారు. లిఫ్టు బోల్టులు బిగించడానికి 28 రోజులు ఆగండి. ఒక హెచ్చరిక ఉంది. తడి సిమెంటు క్షారం, చర్మాన్ని కాలుస్తుంది, అదీ నొప్పి తెలియకుండా. రబ్బరు బూట్లు, చేతి తొడుగులు మీరే అందరికీ కొనివ్వండి. బూటులోకి జారితే పని అయిపోయాక కడుక్కుందామనుకోకుండా వెంటనే కడుక్కోవాలి.

స్తంభాల గుంటలు మీరు తవ్వుకోవచ్చు. తవ్విన మట్టిని అంచుకు రెండు మూడడుగుల దూరంలో వేయండి. ఐదడుగులు దాటిన గుంటలోకి పక్కలకు ఆసరా కట్టకుండా ఎవరినీ దించవద్దు. ఒక్క క్యూబిక్ మీటరు మట్టి టన్నున్నర బరువు ఉంటుంది. అది మీద పడితే లాగడానికి నలుగురు చాలరు. కారు కింద పనికి లిఫ్టు బదులు గుంట తవ్వుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, గుంటలో చేరి నిలిచిపోతుంది.

గోడలకు పెద్దగా చెప్పేది లేదు. ఒక రోజులో ఐదడుగులు దాటించకండి, తడి సిమెంటు మసాలా మీద అంత బరువు నిలవదు.

కప్పు దగ్గరే నాకు మీ కంటే మీ వెల్డింగ్ స్నేహితుడితో ఎక్కువ మాట్లాడాలని ఉంది. ట్రస్సులు, అంటే కప్పును మోసే ఇనుప చట్రాలు, తానే చేస్తానని ఆయన అంటాడు, తప్పకుండా అంటాడు. గేటుకు వేసే అతుకు వేరు, తల మీద 30 అడుగులు దాటే ట్రస్సుకు వేసే అతుకు వేరు. గేటు అతుకు ఊడితే గేటు వాలుతుంది. రేకుల కప్పు తేలికైనది కాబట్టి బరువుకంటే గాలే దానికి పెద్ద శత్రువు. పెనుగాలి కింద నుంచి దూరి కప్పును పైకి లేపుతుంది. ఆ లాగుడంతా అతుకుల మీద, స్తంభాలను అడుగున పునాదికి పట్టి ఉంచే యాంకర్ బోల్టుల మీద పడుతుంది. ట్రస్సులు ఇంజనీరు డ్రాయింగు ప్రకారం ఫ్యాక్టరీలో చేయించండి. స్నేహితుడితో మాత్రం నొప్పించకుండా, దాచకుండా మాట్లాడండి. "పనిబల్ల, అరలు, తలుపు ఫ్రేములు, ఇంజన్ దించే స్టాండు, ఇవన్నీ నీ చేతి మీదే కావాలి. కప్పు మాత్రం ఇంజనీరు సంతకం ఉన్నవాళ్లకే ఇస్తున్నాను, కిందున్నది మనమంతా కాబట్టి" అని చెప్పండి. పనివాడికి ఈ మాట అర్థమవుతుంది.

ఫ్రేము లేపే రోజు క్రేను, బెల్టులు కట్టుకున్న మనుషులు రావాలి. స్నేహితులు నేల మీదే, క్రేను నీడకు దూరంగా. మొదటి రెండు మూడు ట్రస్సులు తాత్కాలిక తాళ్లతో, ఆసరాలతో బిగించేదాకా ఆ కట్టడానికి తనంతట తాను నిలబడే శక్తి ఉండదు. సాయంత్రం దాన్ని అలా వదిలి వెళ్లకుండా చూసే బాధ్యత మీది. వెలుతురు కోసం మధ్యలో వేసే ప్లాస్టిక్ రేకుల మీద ఎవరూ కాలు పెట్టకూడదు. చూడటానికి గట్టిగా ఉంటాయి, మనిషి బరువుకు పగిలిపోతాయి. నిచ్చెన పన్నెండడుగుల ఎత్తున ఆనితే దాని కాళ్లు గోడకు మూడడుగుల దూరంలో ఉండాలి.

కరెంటుకు పైపులు వేయడం, గోడకు గాడులు కొట్టడం మీరు చేయండి. వైర్ల కనెక్షన్లు, ఎర్తింగ్, బోర్డు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని. ఆయనను రెండు అడగండి. లైట్ల లైను యంత్రాల లైనుతో కలపవద్దు. రంపం తిరుగుతుండగా లోడు పెరిగి లైను పడిపోతే, తిరిగే రంపం ముందు చీకట్లో నిలబడకూడదు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర పడిపోయేది పెట్టించండి. ప్లగ్గులన్నీ నేలకు ఒకటిన్నర అడుగు పైనే ఉండాలి, పెట్రోలు ఆవిరి నేల మీద పాకుతుందని ముందే చెప్పాను. ఇంజన్ నడిపేటప్పుడు తలుపులు పూర్తిగా తెరవండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్ర వచ్చినట్టు ఉండి మనిషి ఒరిగిపోతాడు.

స్నేహాల గురించి అడిగారు. నా అనుభవంలో స్నేహితులు అలిసిపోయి విసుక్కోరు, వచ్చి ఖాళీగా కూర్చోవాల్సి వస్తే విసుక్కుంటారు. సెలవు రోజు మానుకుని వస్తే ఇసుక రాలేదు, బోల్టులు తక్కువయ్యాయి, ఏం చేయాలో ఎవరికీ తెలియదు. రెండోసారి ఇలా జరిగితే మూడోసారి రారు. కాబట్టి సరుకు అంతా ముందు రోజే దిగాలి, రేపు ఎవరు ఏం చేస్తారో రాత్రే అందరికీ తెలియాలి. పని దగ్గర మాట ఒకరిదే చెల్లాలి, ఆ ఒకరు మీరే. రాలేకపోయినవాణ్ణి ఎందుకు రాలేదని అడగకండి. పనిముట్టు విరిగితే ఎవరి చేతిలో విరిగిందో చూడకుండా కొత్తది మీరు కొనివ్వండి. చీకటి పడ్డాక ఎత్తైన పని, రంపం పని ఆపేయండి. మందు సంగతి పనిముట్లు కడిగి లోపల పెట్టాకే. ఎవరికైనా దెబ్బ తగిలితే ఖర్చు మీది అని మొదటి రోజే చెప్పండి, అందుకు తగ్గ బీమా దొరుకుతుందేమో కనుక్కోండి. వాళ్లింట్లో పని పడిన రోజున మీరు వెళ్లాలని నేను వేరే చెప్పక్కర్లేదు.

నడుము ఆపరేషన్ అయిన ఆయనను ఇంట్లో కూర్చోబెట్టకండి. బస్తా ఎత్తనివ్వకండి, కానీ ఆయనకు ఇవ్వగలిగిన పని ఒకటుంది, దాన్ని ఇంకెవరూ శ్రద్ధగా చేయరు. కాంక్రీటు పోసే ముందు నేల కింద వేసిన ప్రతి పైపు పక్కనా కొలత టేపు పరిచి ఫోటో తీయాలి. ఏ పైపు ఎడమ గోడ నుంచి ఎన్ని అడుగులు, ముందు గోడ నుంచి ఎన్ని అడుగులో ఒక నోటు పుస్తకంలో బొమ్మ గీసి రాయాలి. గోడల్లో వైర్లకూ అంతే. లారీలు వచ్చిన వేళలు, నీళ్లు పెట్టిన రోజులు, చెల్లించిన డబ్బు కూడా అందులోనే. లిఫ్టు బోల్టులకు నేలలో రంధ్రం వేసే రోజున మీరు ముందు వెతికేది ఆ పుస్తకాన్నే. నీడలో ఒక కుర్చీ, ఒక టేపు, ఒక పుస్తకం ఆయనకు మొదటి రోజే ఇవ్వండి.